మోతాదు కుదిరేదాకా

అవధానం నిలవకపోవడం, ఈడుకు మించిన చురుకుదనం, ఆలోచన కన్నా ముందే చెయ్యి కదలడం అనే లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తూ, చదువుకూ స్నేహాలకూ రోజువారీ పనులకూ అడ్డం పడేంతగా ముదిరినప్పుడు ఆ స్థితిని వైద్యులు ఏడీహెచ్‌డీ అంటారు. ఇది మెదడు ఎదిగే తీరుకు సంబంధించిన స్థితి గనుక తల్లి గారాబాన్నో, తండ్రి మెతకదనాన్నో, పిల్లవాడి మొండితనాన్నో కారణంగా చూపడం శాస్త్రానికి నిలవదు. బడి ఈడు పిల్లల్లో నూటికి సుమారు ఐదుగురిలో ఇది ఉంటుందని ప్రపంచవ్యాప్త సమీక్షలు లెక్కగట్టగా, కోయంబత్తూరు ప్రాథమిక పాఠశాలల్లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో ఆ సంఖ్య 11 శాతం దాటింది. తక్కువ అంచనానే తీసుకున్నా, నలభై మంది కూర్చునే తరగతి గదిలో ఇద్దరికి ఈ ఇబ్బంది ఉండే అవకాశం ఉంది. ఆ తరగతి గది హైదరాబాద్‌లో ఉన్నా, సిద్దిపేట జిల్లా మద్దూరులో ఉన్నా ఈ అంచనా ఒకటే అయినప్పటికీ, ఆ ఇద్దరికీ వైద్యం అందే దారి మాత్రం ఊరిని బట్టి చాలా మారిపోతుంది.

ఏడీహెచ్‌డీకి వాడే మందులు మానసిక వైద్యంలో గట్టి ఆధారాలున్న మందుల కోవకు చెందినవి. 2018లో లాన్సెట్ సైకియాట్రీ పత్రిక ప్రచురించిన విశ్లేషణ 133 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, స్వల్పకాలిక ఫలితాన్నీ భద్రతనూ బేరీజు వేస్తే పిల్లలకూ కౌమార వయసు వారికీ మొదట ఎంచుకోదగినది మిథైల్‌ఫెనిడేట్ అని తేల్చింది. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారు చేసిన ఈ పదార్థం, ఆయన భార్య రీటా పేరు మీదుగా రిటాలిన్ అనే వ్యాపారనామంతో 1950లలో అంగళ్లకు వచ్చింది. ఇంత కాలంగా వాడుకలో ఉన్న మందు కూడా చేతికి అందినంత మాత్రాన పూర్తి ఫలితం ఇవ్వదని చూపిన ప్రయోగం ఒకటుంది. 1999లో ఫలితాలు వెలువడిన ఎంటీఏ అధ్యయనంలో ఏడు నుంచి పదేళ్ల లోపు పిల్లలు 579 మందిని నాలుగు వర్గాలుగా చేసి 14 నెలల పాటు గమనించారు. ఒక వర్గానికి అధ్యయన బృందం మందు ఇచ్చి మోతాదు సరిచేస్తూ వచ్చింది, ఒక వర్గానికి ప్రవర్తనా చికిత్స మాత్రమే ఇచ్చింది, మరో వర్గానికి రెండూ ఇచ్చింది, నాలుగో వర్గాన్ని వారి వారి స్థానిక వైద్యులకే వదిలేసింది. నాలుగో వర్గంలోనూ దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇలాంటి మందులే వాడారు. అయినా అధ్యయన బృందం చేతుల మీదుగా మందు వాడిన పిల్లల్లో లక్షణాలు వీరికన్నా స్పష్టంగా తగ్గాయి.

మందులు దాదాపు ఒకటే అయినప్పుడు ఫలితంలో ఈ తేడా ఎలా వచ్చిందన్నదే అసలు ప్రశ్న. అధ్యయన బృందం మొదటి 28 రోజులు వేర్వేరు మోతాదులు ఇచ్చి, తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ నింపిన పత్రాలను పోల్చి, ఆ పిల్లవాడికి సరిపడే మోతాదును ఎంచుకుంది. ఆ తర్వాత కూడా నెలనెలా అరగంట సేపు కుటుంబంతో మాట్లాడుతూ, ఉపాధ్యాయుల నుంచి కబురు తెప్పించుకుంటూ, అవసరమైనప్పుడల్లా మోతాదును సరిచేసింది. స్థానిక వైద్యుల దగ్గర పిల్లలకు మోతాదు తక్కువగా ఉంది, మాత్రలు రోజుకు తక్కువసార్లు పడ్డాయి, వైద్యుడిని కలిసే అవకాశం బహు అరుదుగా వచ్చింది. చీటీ రాయడంతో వైద్యం మొదలవుతుంది తప్ప పూర్తికాదని, మందు మొదలైన తర్వాతి వారాల్లో జరిగే పరిశీలన కూడా మందుతో సమానమైన చికిత్సేనని ఈ అధ్యయనం ఎత్తి చూపింది. కొద్ది కొద్దిగా పెంచుతూ, ఫలితాన్నీ దుష్ప్రభావాలనూ తూచుకుంటూ సరైన మోతాదు దగ్గర ఆగే ఈ పద్ధతిని వైద్యులు టైట్రేషన్ అంటారు.

ఇంత పరిశీలన మద్దూరు వంటి చోట ఎలా అందుతుందో చూద్దాం. మద్దూరు 2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లా మండలం. జిల్లాల పునర్విభజనలో సిద్దిపేటకు వచ్చింది. అటు చేర్యాల, ఇటు జనగామ, పెద్ద పనికి సిద్దిపేట, ఇంకా పెద్ద పనికి హైదరాబాద్ అన్నట్టుగా ఇక్కడి రాకపోకలు సాగుతాయి. ఒళ్లు వెచ్చబడినా కడుపు నొచ్చినా పల్లెల్లో మొదట తలుపు తట్టేది ఆర్‌ఎంపీ దగ్గర. ఏడీహెచ్‌డీ విషయంలో మాత్రం ఆ తలుపు పనికిరాదు, ఎంబీబీఎస్ చదివిన వైద్యులైనా తామొక్కరే మందు మొదలుపెట్టడం మంచిది కాదు. మానసిక వైద్య నిపుణులు, పిల్లల మానసిక వైద్యులు, పిల్లల ఎదుగుదలలో ప్రత్యేక శిక్షణ పొందిన శిశువైద్యులు ఈ పనికి తగినవారు. సిద్దిపేటలో 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది, జనగామకూ ఆ తర్వాత ఒకటి వచ్చింది. వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, పిల్లల విభాగం ఉండాలన్నది నియమం గనుక, ఒకప్పుడు హైదరాబాద్‌కో వరంగల్‌కో పోవలసివచ్చిన మద్దూరు కుటుంబానికి ఇప్పుడు దగ్గరలో రెండు దిక్కులున్నాయి. అక్కడ తేలని చిక్కు కేసులను ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో, నీలోఫర్ ఆసుపత్రికో పంపుతారు.

అక్కడి దాకా చేరడానికి బడి నుంచే ఒక బాట ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ప్రభుత్వ పాఠశాలలకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వెళ్లి పిల్లలను పరీక్షించాలి. ఆ బృందాలు వెతకవలసిన ముప్ఫై స్థితుల పట్టికలో ఏడీహెచ్‌డీ కూడా ఉందనీ, అనుమానం ఉన్న పిల్లలను జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలనీ చాలామంది ఉపాధ్యాయులకు తెలియదు. బృందం వచ్చిన రోజున "ఈ పిల్లవాడు ఎంత చెప్పినా కుదురుగా కూర్చోడు, లెక్క సగంలో వదిలేస్తాడు" అని ఉపాధ్యాయురాలు చెప్పే రెండు మాటలు ఒక బాల్యాన్నే మార్చగలవు. పళ్లూ కళ్లూ చూసి వెళ్లిపోయే హడావుడిలో ఆ మాటలకు చోటు దొరకకపోవడం విచారకరం.

నిపుణులు మందు రాసే ముందు తేల్చుకోవలసినవి చాలా ఉన్నాయి. చెవి సరిగా వినిపించని పిల్లవాడు పాఠం వినడం లేదనిపిస్తాడు; టాన్సిల్స్ పెరిగి రాత్రంతా గురకపెట్టే పిల్లవాడు పగలు చిరాకుగా, అస్థిమితంగా ఉంటాడు; క్షణకాలం స్పృహ తప్పే మూర్ఛ రకం పరధ్యానంలా కనిపిస్తుంది; రక్తహీనత, థైరాయిడ్ లోపం, చదువులో ప్రత్యేక వైకల్యం, ఇంట్లో తాగుడు వల్ల నిత్యం జరిగే గొడవలు కూడా ఇలాంటి లక్షణాలనే తెచ్చిపెడతాయి. ఇవి లేవని తేలాక, లేదా ఏడీహెచ్‌డీతో పాటు ఇవీ ఉన్నాయని తేలాక, మందు గురించి ఆలోచిస్తారు. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో వారి తల్లిదండ్రులకు ప్రవర్తనా శిక్షణ ఇవ్వడమే మొదటి చికిత్స అని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాలు చెబుతాయి. ఐదేళ్లలోపు పిల్లలకు మరో నిపుణుడి అభిప్రాయం లేకుండా మందు ఇవ్వరాదని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో వెలువరించిన మార్గదర్శకాలు అంటాయి.

తర్వాత గుండె సంగతి. మిథైల్‌ఫెనిడేట్ నాడి వేగాన్నీ రక్తపోటునూ కొద్దిగా పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దానివల్ల ముప్పు బహు స్వల్పం, కాని గుండెలో బయటపడని లోపం ఉన్నవారి సంగతి వేరు. అందుకే పరుగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయాడా, గుండె దడ వస్తుందా, తోటివారికన్నా ముందే ఆయాసపడతాడా, ఇంటివారిలో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అని వైద్యుడు అడుగుతాడు. చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు తల్లిదండ్రుల దగ్గర ఉండదు, నాయనమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉంటుంది. కాబట్టి ఆసుపత్రికి బయలుదేరే ముందే రెండు వైపుల పెద్దలనూ అడిగి తెలుసుకోవడం మేలు. ఇలాంటి సూచన ఏదైనా ఉంటే ఈసీజీ తీసి, గుండె వైద్యుడి అభిప్రాయం తీసుకుంటారు. ఏమీ లేనప్పుడు ప్రతి పిల్లవాడికీ ఈసీజీ అవసరం లేదు. ఎత్తు, బరువు, నాడి, రక్తపోటు మాత్రం అందరికీ మందు మొదలుకాక ముందే రాసిపెట్టుకోవాలి. పెద్దవారికి వాడే పట్టీని చిన్న చేతికి చుడితే రక్తపోటు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కనుక, పిల్లల పట్టీ ఉందా అని అడగడానికి సంకోచించనక్కరలేదు.

ఇక్కడే ఒక చట్టం సంగతి తెలుసుకోవాలి, ఎందుకంటే మద్దూరు వంటి చోట అది ప్రయాణాల సంఖ్యనే నిర్ణయిస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ దుర్వినియోగానికి వీలున్న పదార్థం గనుక 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం జాబితాలోనూ, ఔషధ నియమాల్లోని షెడ్యూల్ ఎక్స్‌లోనూ ఉంది. షెడ్యూల్ ఎక్స్ మందును అమ్మడానికి దుకాణదారుకు విడిగా లైసెన్సు ఉండాలి, సరుకును తాళం వేసి భద్రపరచాలి, వైద్యుడు చీటీని రెండు ప్రతులుగా రాయాలి, అందులో ఒకటి దుకాణంలో రెండేళ్లు దాచిపెట్టాలి. ఈ బాధ్యతలకు వెరచి చాలా దుకాణాలు ఆ మందు పెట్టవు. మండల కేంద్రంలోని దుకాణంలో దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. పైగా 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు షెడ్యూల్ ఎక్స్ మందులను దూరవైద్యం ద్వారా రాయడాన్ని నిషేధించాయి. ఈ-సంజీవనిలోనో వీడియో కాల్‌లోనో నిపుణుడితో మాట్లాడవచ్చు, ఎలా ఉన్నాడో చెప్పవచ్చు, సలహా పొందవచ్చు, కాని ఈ మందు చీటీ మాత్రం ఎదురుగా కూర్చుని రాయించుకోవలసిందే. కాబట్టి మొదటి రోజే వైద్యుడిని మూడు సంగతులు అడిగి రావాలి: ఈ మందు ఏ దుకాణంలో దొరుకుతుంది, ఒక చీటీకి ఎన్ని రోజుల మందు ఇస్తారు, మధ్యలో ఫోన్‌లో ఎవరిని సంప్రదించాలి. ఆఖరి అట్ట సగమయ్యే నాటికే ప్రయాణం ఖాయం చేసుకున్న కుటుంబానికి మందు ఆగిపోయే పరిస్థితి రాదు.

మందు మెదడులో చేసే పనిని అర్థం చేసుకుంటే, మోతాదు విషయంలో అంత జాగ్రత్త ఎందుకో బోధపడుతుంది. ఒక నాడీకణం మరో నాడీకణానికి సంకేతం పంపడానికి డోపమైన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను విడుదల చేస్తుంది. పని అయ్యాక వాటిని వెనక్కి లాక్కునే ప్రోటీన్లు కణపు పొరలో ఉంటాయి. మిథైల్‌ఫెనిడేట్ ఆ ప్రోటీన్లకు అడ్డుపడి, రసాయనాలు మరికాస్త సేపు నిలిచేలా చేస్తుంది. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, అంటే ప్రణాళికనూ నిగ్రహాన్నీ చూసుకునే భాగం, ఈ రసాయనాలు మరీ తక్కువైనా సరిగా పనిచేయదు, మరీ ఎక్కువైనా పనిచేయదు. ఆ నడిమి చోటు ఎక్కడుందో బరువును బట్టి గానీ వయసును బట్టి గానీ ముందే చెప్పడం సాధ్యం కాదు. డప్పు వాయించేవారు చర్మాన్ని మంట సెగకు చూపి, ఒక దెబ్బ వేసి విని, మళ్లీ సెగ చూపి, మళ్లీ విని, మోత సరిగా పలికిన చోట ఆపుతారు. సెగ చాలకపోతే మోత మందగిస్తుంది, ఎక్కువైతే చర్మమే పగులుతుంది. టైట్రేషన్ కూడా ఇలాంటి పనే, ఇక్కడ వినవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అందరికన్నా ముఖ్యంగా ఆ పిల్లవాడు.

సాధారణంగా నిపుణులు 5 మిల్లీగ్రాముల మాత్రతో రోజుకు ఒకసారో రెండుసార్లో మొదలుపెట్టి, వారానికి ఒక మెట్టు చొప్పున 5 నుంచి 10 మిల్లీగ్రాములు పెంచుకుంటూ పోతారు. రోజుకు 60 మిల్లీగ్రాములను సాధారణంగా పైహద్దుగా పాటిస్తారు, చాలామందికి అంతవరకు వెళ్లే అవసరం రాదు. మామూలు మాత్ర వేసుకున్న అరగంట నుంచి గంటలోపు పని మొదలై సుమారు నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. రోజులో ఎక్కువ భాగం పనిచేసే రకాలు కూడా ఉన్నాయి, వాటిని నమలకూడదు, పొడిచేసి అన్నంలో కలపకూడదు, అలా చేస్తే రోజంతా అందవలసిన మందు ఒక్కసారిగా ఒంట్లో చేరుతుంది. ఈ అంకెలు పాఠకుడి అవగాహన కోసమే. ఏ పిల్లవాడికి ఏ మెట్టు అన్నది చూసి నిర్ణయించవలసింది వైద్యుడే. మొదలుపెట్టే కాలం కూడా ఆలోచించుకోదగినదే. బతుకమ్మ, దసరా సెలవుల్లోనో వేసవి సెలవుల్లోనో మొదలుపెడితే ఉపాధ్యాయుల పరిశీలన దొరకదు; బడి నిలకడగా నడుస్తున్న నెలల్లో అయితే ఇంటి కన్నూ బడి కన్నూ రెండూ పనిచేస్తాయి.

ఆ మొదటి వారాల్లో ఇంట్లో ఒక నోటు పుస్తకం ఉండాలి. ఖరీదైనది అక్కరలేదు, బడి పుస్తకమే చాలు. ఒక్కో రోజుకు ఒక్కో వరుస గీసి, మాత్ర ఎన్ని గంటలకు వేశారు, పొద్దున ఏం తిన్నాడు, మధ్యాహ్న భోజనంలో ఎంత వదిలేశాడు, ఇంటి పని ఎంతసేపు కూర్చుని చేశాడు, చీకటిపడే వేళ ఏడుపూ చిరాకూ ఉన్నాయా, ఎప్పుడు నిద్రపోయాడు అని రాసుకోవాలి. ఆరో రోజున "కడుపులో నొప్పి అన్నాడు, రొట్టె సగం వదిలాడు, సార్ లెక్కలు మొత్తం చేశాడని చెప్పిండు" అని రాసిన ఒక్క వాక్యం, మూడు వారాల తర్వాత వైద్యుడి ఎదుట "బాగానే ఉన్నాడు సార్" అనే మాటకన్నా ఎన్నో రెట్లు విలువైనది, ఎందుకంటే అందులో ఫలితమూ దుష్ప్రభావమూ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వైద్యులు వాండర్‌బిల్ట్ వంటి కొలమాన పత్రాలను కూడా ఇస్తారు. ప్రతి లక్షణానికీ ఎప్పుడూ లేదు నుంచి చాలా తరచుగా అనే దాకా గుర్తులు పెట్టే ఈ పత్రాన్ని మందుకు ముందు ఒకసారి, ప్రతి మెట్టు తర్వాత ఒకసారి నింపితే మార్పు అంకెల్లో కనిపిస్తుంది. తల్లికి చదవడం రాకపోతే పక్కింటి ఇంటర్ పిల్లో ఆశా కార్యకర్తో చదివి వినిపించవచ్చు, గుర్తులు మాత్రం తల్లి చెప్పినవే కావాలి. ఉపాధ్యాయుడి పత్రాన్ని ఆయనే నింపాలి, ఇంట్లోవారు ఊహించి నింపడం వల్ల మోతాదు తప్పుదారి పడుతుంది.

దుష్ప్రభావాల్లో ఎక్కువగా కనిపించేది ఆకలి తగ్గడం. మందు పనిచేసే గంటల్లో అన్నం సయించదు గనుక, మాత్రకు ముందే పొద్దున కడుపు నిండా తినిపించి, మందు తగ్గే సాయంత్రం వేళ మళ్లీ గట్టిగా పెట్టాలి. పొద్దున జొన్నరొట్టె, గుడ్డు; సాయంత్రం బడి నుంచి రాగానే పల్లీ పట్టీ, సర్వపిండి; రాత్రి పప్పూ పెరుగూ వేసిన అన్నం పెడితే మధ్యాహ్నం వదిలేసిన తిండి లోటు చాలావరకు పూడుతుంది. నిద్ర ఆలస్యమైతే మధ్యాహ్నపు మాత్రను ముందుకు జరపడమో తీసేయడమో వైద్యుడు చెబుతాడు. సాయంత్రం ఆరు గంటల టీ గ్లాసు ఆ ఇంట్లో ఉంటే ముందు అది మానాలి, పిల్లలకు టీ ఇవ్వడం మన పల్లెల్లో మామూలే అయినా నిద్ర చెడడానికి మందుతో పాటు అదీ ఒక కారణమవుతుంది. మందు ప్రభావం దిగిపోయే గంటలో కొందరు పిల్లలు మామూలుకన్నా ఎక్కువ చిరాకు పడతారు. ఇది మందు పడకపోవడం కాదు, దిగిపోయే తీరు మాత్రమే; మాత్ర రకాన్నీ వేళనూ మార్చితే చాలాసార్లు సర్దుకుంటుంది. తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో వచ్చి తగ్గుతాయి. పిల్లవాడు మరీ మౌనంగా, చలాకీతనమంతా పోయి బొమ్మలా కూర్చుంటే, ఉపాధ్యాయులు మెచ్చుకున్నా సరే, మోతాదు ఎక్కువైందని అర్థం. అల్లరి పూర్తిగా ఆగిపోవడం చికిత్స లక్ష్యం కాదు.

ఎదుగుదల విషయంలో దాచవలసింది ఏమీ లేదు. ఎంటీఏ పిల్లలను మూడేళ్లు గమనించినప్పుడు, ఆ అధ్యయనంలోనే తొలిసారి మందు మొదలై కొనసాగిన పిల్లలు మందు వాడనివారికన్నా సగటున 2 సెంటీమీటర్లు, 2.7 కిలోలు తక్కువగా ఎదిగారు. అందుకే పదేళ్ల లోపు పిల్లల బరువు మూడు నెలలకు ఒకసారి, అన్ని వయసుల పిల్లల ఎత్తు ఆరు నెలలకు ఒకసారి చూడాలనీ, నాడినీ రక్తపోటునూ మోతాదు మార్చిన ప్రతిసారీ, ఆపైన ఆరు నెలలకు ఒకసారీ చూడాలనీ నైస్ మార్గదర్శకాలు చెబుతాయి. ఈ కొలతల కోసం ప్రతిసారీ సిద్దిపేటకు పోనక్కరలేదు, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు కొలిచి పుస్తకంలో రాసి సంతకం చేస్తే నిపుణుడు దాన్నే ఫోన్‌లో చూసి చెప్పగలడు. మోతాదు కుదిరాక నిపుణుడూ స్థానిక వైద్యుడూ బాధ్యతను ఇలా పంచుకునే పద్ధతిని బ్రిటన్ ఎప్పుడో అలవాటు చేసుకుంది. మన మండలాల్లో దానికి యంత్రాలు అక్కరలేదు, ఇద్దరు వైద్యుల మధ్య ఒక ఉత్తరం చాలు.

మిథైల్‌ఫెనిడేట్ పడనివారికీ, షెడ్యూల్ ఎక్స్ మందు ప్రతి నెలా తెచ్చుకోలేనివారికీ అటమాక్సిటిన్ ఉంది. ఇది నారడ్రినలిన్ మీద పనిచేసే మందు, వ్యసనానికి తావులేనిది, షెడ్యూల్ ఎక్స్‌లో లేనిది. కిలో బరువుకు రోజుకు 0.5 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి, కొన్ని రోజుల తర్వాత 1.2 దాకా పెంచుతారు. మొదటి రోజే తేడా కనిపించే మిథైల్‌ఫెనిడేట్‌లా కాక, దీని ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తెలియడానికి ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రెండు వారాలకే పనిచేయలేదని మానేసిన కుటుంబాలు మంచి మందును చేజార్చుకుంటాయి. అన్నం తిన్నాక వేస్తే వికారం తగ్గుతుంది. కొద్దిమంది పిల్లల్లో చావు ఆలోచనలు రావచ్చన్న హెచ్చరిక దీని మీద ఉంది కనుక మొదటి నెలల్లో పిల్లవాడి మాటనూ మనసునూ దగ్గరగా గమనించాలి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులోకి మారడం కాలేయానికి సంబంధించిన అరుదైన సూచనలు. క్లోనిడిన్ వంటి మరికొన్ని మందులు కూడా ఉన్నాయి, వాటిని ఉన్నపళంగా ఆపితే రక్తపోటు హఠాత్తుగా పెరుగుతుంది.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనబడటం లేదా వినబడటం, చనిపోవాలని ఉందనడం, మూర్ఛ రావడం వంటివి కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మనసుకు సంబంధించిన సందేహం ఏ రాత్రివేళ వచ్చినా 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ సహాయవాణి 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. జలుబు చేసినప్పుడు ఆర్‌ఎంపీ ఇచ్చే ముక్కుదిబ్బడ మందుల్లో కొన్ని రక్తపోటును పెంచేవే ఉంటాయి. ఏ వైద్యుడి దగ్గరికి పోయినా ఈ మాత్ర పేరు ముందే చెప్పాలి.

మత్తుమందుల చట్టంలో ఉన్న మాత్ర అనగానే పిల్లవాడు అలవాటు పడిపోతాడేమోనన్న భయం పెద్దలకు కలగడం సహజం, దాన్ని కసిరికొట్టడం న్యాయం కాదు. నోటి ద్వారా, వైద్యుడు చెప్పిన మోతాదులో వేసుకున్నప్పుడు మందు మెదడులోకి నెమ్మదిగా చేరుతుంది గనుక మత్తు కలగదు. చిన్ననాటి చికిత్స వల్ల పెద్దయ్యాక మత్తుపదార్థాల వాడకం పెరిగిందని దీర్ఘకాలిక పరిశీలనల్లో తేలలేదు. అసలు ముప్పు మరోచోట ఉంది. పరీక్షల కోసం అన్న ఈ మాత్ర వేసుకోవడం, బాగా చదువుతున్నాడని తండ్రి తానే రెండు మాత్రలు చేయడం, అల్లరి చేసే మరో పిల్లవాడి తల్లికి ఒక అట్ట అప్పిచ్చేయడం ప్రమాదకరం. మాత్రలు బీరువాలో తాళం కింద, పెద్దల చేతిలో ఉండాలి. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన బంధువులు అక్కడ విరివిగా రాసే అడెరాల్ గురించి చెప్పవచ్చు. యాంఫెటమిన్ కోవకు చెందిన ఆ మందు భారతదేశపు వైద్యంలో వాడుకలో లేదు, దాన్ని పార్శిల్‌లో తెప్పించుకోవడం చట్టపరమైన చిక్కుల్లోకి దింపుతుంది. అక్కడి నుంచి తిరిగివచ్చి స్థిరపడే కుటుంబాలు ప్రయాణానికి ముందే ఇక్కడి నిపుణుడితో మాట్లాడి, ఇక్కడ దొరికే మందుకు మారే ఏర్పాటు చేసుకోవాలి.

ఎంటీఏలో 14 నెలల దగ్గర కనిపించిన ఆధిక్యం మూడేళ్ల నాటికి వర్గాల మధ్య కరిగిపోయింది. అప్పటికి నెలనెలా సాగిన ఆ పరిశీలన ఆగిపోయి, ఎవరి వైద్యం వారిదైంది. ఈ ఫలితాన్ని మందు దీర్ఘకాలం పనిచేయదనడానికి రుజువుగా కొందరు, పరిశీలన ఆగితే ఫలితం ఆగుతుందనడానికి రుజువుగా కొందరు చదువుతారు. ఏది సరి అయినా ఏడాదికి ఒకసారైనా ఈ మందు ఇంకా అవసరమా అని నిపుణుడితో కూర్చుని తేల్చుకోవడం తప్పనిసరి. ఎదుగుదల మందగించినవారికి సెలవుల్లో విరామం ఇవ్వాలా అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ప్రవర్తనా చికిత్స, ఉపాధ్యాయుడు ముందు వరుసలో కూర్చోబెట్టడం, పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం వంటివి మందుతో పాటు సాగాలి, మందు కుదిరిందని వాటిని వదిలేయరాదు.

ఐదో తరగతి నుంచే మద్దూరు ప్రాంతపు పిల్లలు చాలామంది గురుకులాల్లో చేరతారు. అక్కడ మాత్ర ఎవరి దగ్గర ఉంటుంది, పొద్దున ఎవరు వేస్తారు, ఆదివారాల్లో ఏం చేయాలి, తల్లిదండ్రులు నెలకోసారి వచ్చినప్పుడు పుస్తకం ఎవరు చూపిస్తారు అన్నవి చేరిన రోజే గురుకులంలోని నర్సుతోనూ ప్రిన్సిపాల్‌తోనూ కాగితం మీద రాసుకోవాలి. వైద్యుడి ఉత్తరం నకలు, రెండో ప్రతి చీటీ, పాత నోటు పుస్తకం ఆ పెట్టెలోనే వెళ్లాలి. పద్దెనిమిదేళ్లు నిండి ఇంటర్ దాటి డిగ్రీకో పనికో హైదరాబాద్ చేరేటప్పుడు పిల్లల వైద్యుడి నుంచి పెద్దల మానసిక వైద్యుడికి మారవలసి ఉంటుంది. ఆ మార్పు జరిగే నెలల్లోనే చాలామందికి మందు తెగిపోతుంది గనుక, పదిహేడో ఏట నుంచే కొత్త వైద్యుడి పేరు, మొదటి అపాయింట్‌మెంట్ తేదీ, అప్పటిదాకా సరిపడే చీటీ చేతిలో పెట్టి పంపాలి. అప్పటికి ఆ యువతికో యువకుడికో తన మోతాదు ఎంతో, అది ఎలా కుదిరిందో తన నోటితో చెప్పగలిగేంత తెలిసి ఉండాలి.